పోటీ గురించి పాఠం చెబుతూ పిల్లల్ని టెన్షన్‌లోకి నెట్టకుండా ఉండటం ఎలా?

ప్రశ్న:
నేను ఎంబీఏ వాళ్లకి స్ట్రాటజీ చెప్తాను. ఈసారి సిమ్యులేషన్ గేమ్ పెట్టాను, అంటే ఒక్కో టీము ఒక ఊహా కంపెనీని నడిపే ఆట. ఐదు టీములు, ప్రతి రౌండ్ తర్వాత మార్కెట్ షేర్ ప్రకారం ర్యాంకులు స్క్రీన్ మీద, ర్యాంకును బట్టి మార్కులు. మూడో రౌండ్‌కల్లా ఆఖర్న ఉన్న టీము నోరు విప్పడమే మానేసింది, అందులో ఒకమ్మాయి రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదని చెబితే చాలా బాధేసింది. డిపార్ట్‌మెంట్‌లో అడిగితే వెల్‌నెస్ వర్క్‌షాప్ పెడదాం అన్నారు. ఒక పూట వర్క్‌షాప్‌తో ఏమవుతుంది? అలాగని సబ్జెక్టులోంచి పోటీని తీసేయలేను కదా. పాఠం లోపలే ఏం మార్చొచ్చో చెప్పండి.

జవాబు 1:
గేమ్‌లో తప్పు లేదండీ, దానికి మార్కులు ముడిపెట్టడంలోనే ఉంది చిక్కంతా. పోటీ గేమ్‌లోని కంపెనీల మధ్య ఉండాలి, పిల్లల గ్రేడ్ల మధ్య కాదు. నేను గెలుపోటములకి మార్కులు తీసేసి, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు, ఏమవుతుందనుకున్నారు, చివరికి ఏమైంది అని రౌండ్‌కి ఒక పేజీ రాయిస్తున్నాను, మార్కులు దానికే. పోయినసారి అన్నిటికన్నా మంచి పేజీ దివాలా తీసిన టీముదే. ఉద్యోగుల్ని ఒకరితో ఒకర్ని పోల్చి గ్రేడ్లిచ్చే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2013లో వదిలేసింది, ఆ కేసు క్లాసులో పెట్టండి, మన గ్రేడింగ్ సంగతేంటని పిల్లలే అడుగుతారు.

జవాబు 2:
నేను ఒప్పుకోను. మార్కులు లేకపోతే సగం మంది ఏదో ఒక అంకె వేసేసి పోతారు. రేపు ఉద్యోగంలో టార్గెట్లు ఉంటాయి, ఆ ఒత్తిడి ఇక్కడ అసలు తెలియకుండా పంపితే నష్టపోయేది వాళ్లే.

జవాబు 3:
నేను ఎంబీఏ రెండో ఏడు. ఒత్తిడి ఉండకూడదని మేమెవరం అనడం లేదు సార్. ఓడిపోతే ఫర్వాలేదు, వారం వారం అందరి ముందూ స్క్రీన్ మీద ఆఖరి పేరుగా కనిపించడమే భరించలేం. పైగా నాలుగు సబ్జెక్టుల ప్రజెంటేషన్లు ఒకే వారంలో పడతాయి, లెక్చరర్లు తేదీలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే సగం రాత్రులు మిగులుతాయి.

జవాబు 4:
పాఠాన్ని కూడా కాస్త సరిచేయాలి. పోటీ అంటే ఎదుటివాణ్ణి పడగొట్టడం అన్నట్టు చెప్తున్నాం. స్ట్రాటజీ పండితుడు మైకేల్ పోర్టర్ 1979లో చెప్పిన, ఒక పరిశ్రమలో పోటీని నిర్ణయించే ఐదు శక్తుల్లో ప్రత్యర్థులతో పోరు ఒకటి మాత్రమే. స్ట్రాటజీ అంటే వేరుగా ఉండటం అని ఆయనే తర్వాత రాశాడు. దేశాల పోటీ సామర్థ్యం చివరికి ఉత్పాదకతే అని కూడా వాదించాడు కదా, విద్యార్థుల ఆరోగ్యం సరిగ్గా అక్కడే సబ్జెక్టులోకి వస్తుంది. డిప్రెషన్, ఆందోళనల వల్ల ప్రపంచంలో ఏటా 1200 కోట్ల పనిదినాలు పోతున్నాయని, ఆ నష్టం దాదాపు లక్ష కోట్ల డాలర్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఉత్పాదకత చెప్పే రోజు ఈ అంకెలు బోర్డు మీద రాసి, ఒక కంపెనీ మేనేజర్‌గా ఏం చేస్తారో లెక్క కట్టమనండి.
ఇంకోటి, నిద్ర పట్టని అమ్మాయి విషయం గ్రేడింగ్ మారేదాకా ఆగకూడదు. మీరే వెంటబెట్టుకుని కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
రేపు ఉదయమే ఆ అమ్మాయితో మాట్లాడతాను. నాలుగో రౌండ్ నుంచి ఏ టీము స్థానం ఆ టీముకే కనపడుతుంది, మార్కులు పేజీకే. జవాబు 2 గారూ, పేజీ రాయకపోతే సున్నా అంటే సీరియస్‌గా ఆడతారంటారా?