నాన్నగారికి గౌట్ వచ్చింది: కారణం తిండేనా, ఇంకేమైనా ఉందా?

ప్రశ్న (గాజువాక నుంచి)

మా నాన్నగారు ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు, వయసు 62. పోయిన నెల ఒక రాత్రి కుడికాలి బొటనవేలి మొదట్లో మొదలైన నొప్పి, తెల్లవారేసరికి దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేనంతగా పెరిగింది. రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ 8.6 ఉంది. డాక్టరు గారు ఇది గౌట్ అనే కీళ్ల జబ్బు అని నిర్ధారించారు. ఆయన మద్యం ముట్టరు, మాంసం ఆదివారం మాత్రమే తింటారు. అయినా బంధువులు పప్పు, పాలకూర, టమాటా, చింతపండు అన్నీ మాన్పించేశారు. అసలు ఇది దేనివల్ల వస్తుంది? నాకు 38 ఏళ్లు. నొప్పి ఏమీ లేదుగానీ, నా పరీక్షలోనూ 7.3 వచ్చింది. నాకు కూడా ముప్పు ఉన్నట్టేనా?

సమాధానం 1 (ఎంవీపీ కాలనీ, రిటైరైన ఫిజియాలజీ అధ్యాపకుడు)

మన వాళ్లు ముందుగా కంచం మీద పడతారు. అసలు సంగతి చాలామందిలో మూత్రపిండాల దగ్గర ఉంటుంది. శరీర కణాలలోనూ తిండిలోనూ ఉండే ప్యూరిన్లు అనే పదార్థాలు విరిగినప్పుడు యూరిక్ యాసిడ్ తయారవుతుంది. అందులో సుమారు మూడింట రెండు వంతులను మూత్రపిండాలు, మిగతాదాన్ని పేగులు బయటికి పంపుతాయి. యూరిక్ యాసిడ్ పెరిగినవారిలో అత్యధికులకు అది ఎక్కువగా తయారుకావడం కంటే సరిగా బయటికి పోకపోవడమే కారణం. డెసీలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది రక్తంలో పూర్తిగా కరిగి ఉండలేక, కీళ్లలో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకోవచ్చు. చల్లగా ఉండే చోట అది ఇంకా తేలికగా గడ్డకడుతుంది కాబట్టి, గుండెకు దూరంగా ఉన్న కాలి బొటనవేలికే తరచుగా ముందు వస్తుంది.

అందువల్ల ముప్పు పెంచేవాటిలో జన్యువులు, అధిక బరువు, బీపీ, మూత్రపిండాల జబ్బు ముందు వరుసలో నిలుస్తాయి. స్త్రీలకు ఈస్ట్రోజెన్ అనే హార్మోను వల్ల యూరిక్ యాసిడ్ బాగా బయటికి పోతుంది గనుక, వారిలో ఇది ఎక్కువగా ముట్లు ఆగిన తర్వాతే కనిపిస్తుంది.

సమాధానం 2 (మందుల దుకాణం, పెందుర్తి)

నాన్నగారు బీపీకి ఏ మాత్ర వేసుకుంటున్నారో చెప్పలేదు. హైడ్రోక్లోరోథయజైడ్, ఫ్రూసెమైడ్ వంటి నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి) యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. గుండె కోసం ఇచ్చే తక్కువ మోతాదు ఆస్పిరిన్, టీబీకి వాడే పైరజినమైడ్ కూడా అంతే. బీపీకే వాడే లోసార్టాన్ మాత్రం కొంత తగ్గిస్తుంది. అయితే వీటిలో ఏదీ మీ అంతట మీరు ఆపకూడదు, ముఖ్యంగా ఆస్పిరిన్.

సమాధానం 3 (ఫిషింగ్ హార్బర్ దగ్గర నుంచి, ఎనిమిదేళ్లుగా గౌట్ ఉన్నవాడిని)

పప్పు, పాలకూర మాన్పించడం అనవసరం. అమెరికాలో 47 వేల మందికి పైగా పురుషులను 12 ఏళ్ల పాటు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో మాంసం, సముద్రపు చేపలు ముప్పును పెంచాయి. ప్యూరిన్లు ఎక్కువున్న కూరగాయలు పెంచలేదు. వెన్న తీసిన పాల పదార్థాలు తగ్గించాయి. కనుక మజ్జిగ హాయిగా తాగనివ్వండి. తగ్గించవలసినవి నెత్తళ్లు, కవళ్లు, రొయ్యలు, లివరు వేపుడు. మద్యంలో అన్నిటికంటే బీరు చెడ్డది. చక్కెర కలిపిన కూల్‌డ్రింకుల గురించి ఎవరూ చెప్పరు, కానీ వాటిలోని ఫ్రక్టోజ్ కూడా యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. మన ఊరి ఎండల్లో నీళ్లు తక్కువ తాగిన మర్నాడే నాకు రెండుసార్లు నొప్పి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు

రెండో సమాధానం చదివాక మాత్రల అట్ట తిప్పి చూశాను. టెల్మిసార్టాన్‌తో పాటు హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మిల్లీగ్రాములు అని ఉంది. గత ఏడాది బీపీ అదుపులోకి రాకపోతే ఈ మాత్రకు మార్చారట. సోమవారం ఈ అట్టను డాక్టరు గారికి చూపిస్తాం. చింతపండు చారు ఈ పూటే మళ్లీ పెట్టించాను. మరి నా 7.3 సంగతి?

సమాధానం 1 రాసినవారు

యూరిక్ యాసిడ్ పెరిగిన వారందరికీ గౌట్ రాదు. ఎక్కువ మందికి రాదు కూడా. నొప్పి లేకుండా ఉన్న అంకె కోసం సాధారణంగా మందులు మొదలుపెట్టరు. అయితే మీ తండ్రిగారికి ఉంది కాబట్టి బరువు, బీపీ, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకోండి. బరువు ఎక్కువుంటే నెమ్మదిగా తగ్గించండి. ఉపవాసాలతో ఒక్కసారిగా తగ్గితే యూరిక్ యాసిడ్ ఇంకా పెరుగుతుంది.