నీలగిరి శ్రేణి యుద్ధనౌకలు: ఇంజన్ పరాయిదైతే ‘స్వదేశీ’ అనవచ్చునా?

సాగరతీరం: 2025 ఆగస్టు 26న విశాఖపట్నంలో ఉదయగిరి, హిమగిరి ఒకేరోజు నౌకాదళంలో చేరాయి. ముంబయిలోని మజగావ్ డాక్, కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకానిర్మాణ సంస్థలు పంచుకుని కడుతున్న ఏడు నీలగిరి శ్రేణి ఫ్రిగేట్ల (మధ్యస్థాయి యుద్ధనౌకల)లో ఇవి రెండు. వీటిలో స్వదేశీ వాటా 75 శాతమని ప్రభుత్వం చెబుతోంది. అయితే నౌకను పూర్తి వేగంతో పరుగెత్తించే రెండు గ్యాస్ టర్బైన్లూ అమెరికా సంస్థ జనరల్ ఎలక్ట్రిక్ రూపొందించిన ఎల్ఎం2500 రకానివి. మామూలు ప్రయాణానికి వాడే డీజిల్ ఇంజన్లు ‘మాన్’ అనే జర్మనీ సంస్థవి. గుండెకాయ మనది కానప్పుడు ఆ మాట వాడడం సబబేనా?

లోహకారుడు: సబబే. 1972లో చేరిన మొదటి నీలగిరిని మజగావ్‌లోనే కట్టినా, అది బ్రిటిష్ లియాండర్ నమూనా. నేటి నీలగిరి మన నౌకాదళపు యుద్ధనౌకల రూపకల్పన విభాగం గీసినది. ఉదయగిరి ఆ విభాగం చేతిలో రూపుదిద్దుకున్న నూరవ నౌక. సోవియట్ యూనియన్ పతనం తర్వాత నౌకలకు కావలసిన ఉక్కు సరఫరా కష్టమైనందువల్లనే హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ 249ఏ ఉక్కును తయారు చేసింది. ఈ నౌకల మీద ఉండే, గగనతల దాడులను అడ్డుకునే బరాక్ క్షిపణులు కూడా హైదరాబాదులోని భారత్ డైనమిక్స్‌లోనే సిద్ధమవుతాయి. నౌక పటం మన చేతిలో ఉంటే ఏ ఆయుధాన్ని ఎక్కడ అమర్చాలో మనమే నిర్ణయించుకోగలం.

సాగరతీరం: లోహకారుడు గారూ, రూపకల్పన గురించి మీరు చెప్పినదాన్ని నేను కాదనను. కాని 2014 తర్వాత రష్యాలోని యాంతర్ నౌకానిర్మాణ కేంద్రంలో ఏం జరిగిందో గమనించండి. ఉక్రెయిన్ టర్బైన్లు ఇవ్వడం మానేయడంతో రష్యా తన కోసం మొదలుపెట్టిన ఫ్రిగేట్ల దేహాలు ఇంజన్లు లేక అలాగే ఉండిపోయాయి. వాటిలో రెండింటిని మనం తీసుకొని, టర్బైన్లను ఉక్రెయిన్ నుంచి మనమే కొని రష్యాకు పంపితే తప్ప ఆ రెండూ, అంటే మన తుషిల్, తమాల్ నౌకలు, పూర్తికాలేదు. నౌకానిర్మాణంలో అంత అనుభవమున్న దేశానికే ఒక్క యంత్రం దగ్గర చేతులు కట్టేసినట్టయింది.

లోహకారుడు: ఆ ఉదాహరణ బలమైనదే, ఒప్పుకుంటున్నాను. మన ఎల్ఎం2500లను బెంగళూరులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) కూర్చుతున్నా, రూపకల్పన హక్కు మనది కాదు.

తూర్పుతీరం: మీ ఇద్దరి వాదనలో ఒక విషయం రాలేదు. యుద్ధవిమానం కోసం మన దేశంలోనే రూపొందించిన కావేరి ఇంజన్ నుంచి మలచిన నౌకా టర్బైన్‌ను విశాఖ నౌకాదళ డాక్‌యార్డులోనే పరీక్షించారు. అది 12 మెగావాట్ల శక్తినిచ్చింది. ఎల్ఎం2500 ఇచ్చేది 20 మెగావాట్లకు పైమాటే కాబట్టి అది నీలగిరికి చాలదు, నిజమే. అయినా నా అభిప్రాయంలో ‘స్వదేశీ’ అన్న మాటను తీసేయనక్కరలేదు. ఆ 75 శాతం పక్కన ఇంజన్ల సంగతి కూడా రాయాలి, తదుపరి శ్రేణి నౌకకు పటం గీయడం మొదలుపెట్టిన రోజే టర్బైన్ పనికీ నిధులు ఇవ్వాలి.