‘పామ్’కి తెలుగు తాటిచెట్టేనా?

పోయిన వారం ఇక్కడ ఒకరు, తాడి, ఈత, కొబ్బరిలాంటి చెట్లన్నిటినీ కలిపి ఇంగ్లీషులో అనే ‘పామ్’ (palm)కి తెలుగు మాట అడిగితే ఎక్కువమంది ‘తాటిచెట్టు’ అన్నారు. నేను ఒప్పుకోలేను. ఎందుకో మా పెరటి సంగతితో చెబుతాను.

తాంబూలంలోకి ఇంట్లో కాసిన పోకచెక్కలు ఉండాలని అమ్మ కోరిక. ఒక నర్సరీలో పోకమొక్క అడిగితే ‘అరీకా పామ్’ అని ఇచ్చారు. మూడేళ్లకి అది చెరుకు దుబ్బులా పదిపన్నెండు కాడలు వేసింది. కాడలు పసుపుపచ్చగా, వెదురులా కణుపులతో ఉన్నాయి. పోక అలా ఉండదు. ఒంటిమానుగా సన్నగా నిటారుగా పెరుగుతుంది, మట్ట రాలిన చోటల్లా మాను చుట్టూ ఉంగరంలాంటి మచ్చ మిగులుతుంది. మాకు దొరికింది మడగాస్కర్ నుంచి వచ్చిన అలంకారపు మొక్క. అమ్మ చాలా బాధపడింది.

ఇంతకీ ‘అరీకా’ అసలు పోక పేరే. మలయాళం ‘అడక్క’ పోర్చుగీసువాళ్ల నోట పడి అలా మారింది. మన పక్కింటి మాటే సముద్రం దాటి వెళ్లి, ఇంకో మొక్కకి అంటుకుని తిరిగొచ్చింది.

తాడి, ఈత, కొబ్బరి, పోక, జీలుగు, ఖర్జూరం... వీటన్నిటినీ కలిపి పిలిచే మాట వాడుక తెలుగులో లేదు. సంస్కృతంలో ఉంది. అమరకోశం తాడి, కొబ్బరి, పోక, ఖర్జూరాలను ‘తృణద్రుమాలు’ అంది, అంటే గడ్డిజాతి చెట్లు. మొగలిని కూడా వాటిలోనే కలిపింది. మొగలి పామ్ కాదు గానీ, గడ్డీ మొగలీ తాడీ అన్నీ ఏకదళ బీజాలే, అంటే గింజలో ఒకే బద్ద ఉండేవే. ఆ చూపు నాకు అబ్బురంగా అనిపిస్తుంది.

మన వాడుక మాత్రం ఆకు దగ్గరే చెట్లను విడదీస్తుంది. విసనకర్రలా విచ్చుకుంటే తాటాకు. పొడుగాటి ఈనెకు ఇటూ అటూ సన్నాకులు దిగితే కొబ్బరి మట్ట. అలాగే ఉండి మొదట్లో ముళ్లు గుచ్చుకుంటే ఈత.

వ్యాఖ్య: మాది పాడేరు వైపండీ. నర్సరీల్లో ‘ఫిష్‌టెయిల్ పామ్’ అంటున్నవాటిని చూస్తే మా జీలుగుచెట్టే గుర్తొస్తుంది. ఆకు చివర చేపతోకలా చిరిగి ఉంటుంది. జీలుగు కల్లు మాకు కొత్త కాదు. కానీ జీలుగు అంటే పట్నంవాళ్లు పచ్చిరొట్ట ఎరువు అనుకుంటున్నారు.

జవాబు: మంచి మాట గుర్తుచేశారండీ. పొలంలో చల్లి కలియదున్నే జీలుగ వేరు, అది చిక్కుడు కుటుంబం. కల్లు ఇచ్చే జీలుగు వేరు. నిఘంటువుల్లో రెండూ విడివిడిగా ఉండాలి.

వ్యాఖ్య: తాడి సరైనదా, తాటి సరైనదా?

జవాబు: రెండూ సరైనవే. పేరు తాడి. ఇంకో మాటతో కలిసేటప్పుడు తాటి అవుతుంది: తాటిచెట్టు, తాటిముంజ, తాటాకు. నోరు–నోటి, ఏరు–ఏటి లాగా. ‘తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు’ అన్న సామెతలో పాత రూపం చెక్కుచెదరలేదు.

వ్యాఖ్య: ఏలూరు జిల్లాలో మేం ‘పామాయిల్ తోట’ అనే అంటాం. కాయలకి మాత్రం ‘గెల’ అంటాం.

జవాబు: ఆ ‘గెల’ చూడండి! అరటికి, కొబ్బరికి, తాడికి వాడే మాటే పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన చెట్టుకీ రైతు వాడేశాడు. ఏ కమిటీ కూర్చుని నిర్ణయించలేదు. అందుకే ‘పామ్’కి బలవంతంగా ఒక మాట పుట్టించొద్దని నా మనవి. పామ్ అనే అనండి, తెలిసిన చెట్టుని మాత్రం దాని పేరుతోనే పిలవండి.

చివరగా, పెరట్లో లేత మొక్క ఈతో కొబ్బరో తేలకపోతే విడివడిన ఒక సన్నాకు మొదలు దగ్గర చూడండి. ఈతకి అది దోనెలా పైకి తెరుచుకుని ఉంటుంది, కొబ్బరికి ఇంటి కప్పులా కిందికి వాలుతుంది. ఫొటో పెడితే అందరం చూస్తాం.