వంటగది స్లాబ్ పెచ్చులూడుతోంది. అప్పు చేసి బాగు చేయించాలా, ఆగాలా?

కుట్టుమిషన్:

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లె. ఆయన ఆటో నడుపుతారు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. ఇద్దరిదీ కలిపి మంచి నెలలో 19 వేలు వస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, వానకి ఆటో తిరగదు, 12 వేలు రావడమే కష్టం.

ఇల్లు మా మామగారు 2001లో కట్టించారు. రెండేళ్లుగా వంటగది కారుతోంది. పోయిన వారం అన్నం వారుస్తుంటే అరచేయంత పెచ్చు ఊడి గిన్నె పక్కనే పడింది. పైకి చూస్తే ఊచ తుప్పు పట్టి ఎర్రగా బయటికి కనబడుతోంది. మా పాప రోజూ అక్కడే కూర్చుని చదువుకుంటుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేస్త్రీ ఇల్లంతా చూసి 2,10,000 చెప్పారు. డాబా మీద వాటర్‌ప్రూఫింగ్, పెచ్చులు కొట్టి మళ్లీ ప్లాస్టరింగ్, హాల్లో టైల్స్, వరండాకి ఎలివేషన్, రంగులు అన్నీ కలిపి. చేతిలో 22 వేలు ఉన్నాయి. ఒక ఫైనాన్స్ వాళ్లు "లక్ష ఇస్తాం, నూటికి నెలకి రూపాయి వడ్డీయే, రెండేళ్లు నెలకి 5,167 కట్టుకోండి, మిగతాది తర్వాత చూద్దాం" అంటున్నారు. డ్వాక్రా కిస్తీ 1,900 ఇంకా ఏడు నెలలుంది. అమ్మ పెట్టిన రెండు కాసుల గొలుసు ఉంది. ఏం చేయమంటారు?

తాపీపని:

అమ్మా, నేను ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ముందు ఆ లిస్టుని రెండు ముక్కలు చేయండి. నీళ్లు ఆపేది, పెచ్చు పడకుండా చూసేది ఒక ముక్క. టైల్స్, ఎలివేషన్, రంగులు ఇంకో ముక్క. రెండోదాన్ని ఈ ఏడాది మర్చిపోండి. మొదటిది మాత్రం ఆగకూడదు. ఊచ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి కింద ఉన్న కాంక్రీటుని తోసేస్తుంది. మీకు పెచ్చు ఊడింది అందుకే. ఒక్కచోట మొదలైతే పక్క ఊచకి పాకుతుంది.

ఊచ మీద తుప్పు అలాగే ఉంచి పైన సిమెంటు మెత్తితే రెండు వర్షాకాలాల్లో మళ్లీ ఊడుతుంది. వదులుగా ఉన్నదంతా కొట్టేయాలి, ఇనుప బ్రష్‌తో ఊచ మెరిసేదాకా గీకాలి, తుప్పు ఆపే మందు పూయాలి, ఆ తర్వాతే పాలిమర్ కలిపిన మాలు. పని జరిగేటప్పుడు దగ్గరుండి చూడండి. ఊచ బాగా సన్నబడిపోయి ఉంటే మాత్రం మాలాంటి మేస్త్రీ మాట చాలదు, ఒకసారి ఇంజనీరుకి చూపించండి.

కింద ఎంత చేసినా పైన నీళ్లు ఆగకపోతే దండగే. డాబా ఎక్కి తూము దగ్గర, పిట్టగోడ స్లాబ్‌ని కలిసే అంచున, ట్యాంకు కింద చూడండి. ఎక్కువగా అక్కడి నుంచే దిగుతుంది. కోటింగ్‌కి నాలుగు రోజులు మంచి ఎండ కావాలి. ఇది మే నెల, జూన్ దాటితే మళ్లీ దసరాకే.

పెంకుటిల్లు:

మాది శ్రీకాకుళం వైపు. మాకు కోతులు పెంకులు పగలగొట్టేవి. అప్పంటే భయంతో మూడేళ్లు టార్పాలిన్ కప్పి గడిపాం. మొదట్లో అడిగినప్పుడు 18 వేలతో పోయే పని. మూడో ఏటికి వాసాలు, దూలం కూడా పుచ్చిపోయాయి, 74 వేలయ్యింది. ఆ దూలం వేలితో నొక్కితే లోపలికి దిగిపోయేది. అదంతా అప్పే చేయాల్సి వచ్చింది. పాప కూర్చునే చోట పెచ్చు పడుతుంటే ఆగమని నేను మాత్రం చెప్పలేను.

కరీంనగర్ తమ్ముడు:

అక్కా, నాది దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. చెల్లె పెళ్లికి ఇల్లు మంచిగ కనబడాలని లక్షన్నర తెచ్చి టైల్స్, సీలింగ్ చేయించిన. మూడు రూపాయల వడ్డీ. నెలకు వడ్డీయే 4,500, అసలు అట్లనే ఉంటది. ఏడో నెలల నాకు చెయ్యి విరిగి రెండు నెలలు పనికి పోలే. ఆ వడ్డీ కట్టనీకి ఇంకోకాడ తెచ్చిన. మూడేండ్లకు ఎకరం పావులో అరెకరం అమ్మి బయటపడ్డం. మా అమ్మ ఇప్పటికీ ఆ చెలక దిక్కు నడవదు. కిస్తీ లెక్క మంచి నెలకు కట్టకు అక్కా, ఆషాఢం నెలకు కట్టు.

రిటైర్డ్ క్యాషియర్:

అమ్మా, ఆ "రూపాయి వడ్డీ" గురించి చెప్పాలి. ఊళ్లో నోటు రాసుకుని రూపాయి వడ్డీ అంటే, అసలులో కొంత తీర్చాక మిగిలినదానికే వడ్డీ పడుతుంది. ఈ ఫైనాన్స్ వాళ్లు మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, రెండేళ్ల పాటు పూర్తి లక్ష మీదే వడ్డీ వేస్తున్నారు. లక్షకి 24 వేలు. తగ్గే బాకీ మీద అదే రూపాయి అయితే కిస్తీ 4,707, మొత్తం వడ్డీ 13 వేల లోపే. అంటే మీకు ఏడాదికి 12 శాతం అని చెబుతున్నది నిజానికి దాదాపు 21.5 శాతం. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ ముందే పట్టుకుంటే ఇంకా పైకి పోతుంది.

2024 అక్టోబర్ 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. బ్యాంకు అయినా, ఫైనాన్స్ కంపెనీ అయినా అప్పు ఇచ్చే ముందు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలి. ఖర్చులన్నీ కలిపిన ఏడాది రేటు అందులో ఉంటుంది. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే అక్కడ సంతకం పెట్టకండి.

ఇంకో మాట. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేది మైక్రోఫైనాన్స్ అప్పు కింద వస్తుంది. ఇంట్లోవాళ్ల కిస్తీలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటేలా ఇవ్వకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా ఉండదు. ఆ సగం అన్నది అప్పు ఇచ్చేవాళ్లకి పెట్టిన హద్దు. మీ ఇంటికి అది చాలా ఎక్కువ. 12 వేలు వచ్చే నెలలో డ్వాక్రాది 1,900, వీళ్లది 5,167 పోతే చేతికి ఐదు వేలు కూడా మిగలవు.

కుట్టుమిషన్:

అందరికీ దండాలు. క్యాషియర్ గారి లెక్క మా ఆయనకి చదివి వినిపించాను. ఆయన కాగితం మీద మూడుసార్లు వేసుకుని ఫైనాన్స్ వాళ్లకి ఫోన్ చేసి వద్దని చెప్పేశారు. ఇంటి రిపేరుకి బ్యాంకు ఇస్తుందంటారు కదా, గవర్నమెంటు స్కీము ఏమైనా ఉందా? మాది గ్రామకంఠం స్థలం, రిజిస్ట్రేషన్ కాగితం లేదు.

రిటైర్డ్ క్యాషియర్:

కాగితం లేకుండా బ్యాంకు ఇంటి మీద అప్పు ఇవ్వడం కష్టమే అమ్మా. స్కీములు చాలావరకు కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లకి. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ కింద మైదాన ప్రాంతంలో 1,20,000, తెలంగాణలో ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు ఇస్తున్నది అందుకే. స్లాబ్ ఉన్న ఇంటి రిపేరుకి వాటిని నమ్ముకుని ఎండాకాలం పోగొట్టుకోకండి.

కడప అక్క:

చెల్లీ, గొలుసు బ్యాంకులో పెట్టు, బయట కుదువ వ్యాపారి దగ్గర వద్దు. నేను బీరువాలో పెట్టుకుని మురిసిపోయినన్నాళ్లు ఇంట్లో వాన కురిసేది. కాకపోతే గడువు తేదీ క్యాలెండర్ మీద రాసి గోడకి తగిలించు. వడ్డీ కట్టి తిరగరాయించుకోకపోతే వేలం నోటీసు వస్తుంది. మా ఆడపడుచు తాళిబొట్టు గొలుసు అట్లానే పోయింది. చీటీ పాడదామని మాత్రం అనుకోవద్దు. రిజిస్ట్రేషన్ లేని చీటీ అయితే నడిపేవాళ్లు ఊరొదిలి పోతే అడగడానికి కాగితం కూడా ఉండదు.

కుట్టుమిషన్ (మూడు వారాల తర్వాత):

పని అయ్యింది, ఎలా చేశామో చెబుతాను. వేరే మేస్త్రీని పిలిచి వంటగది పైకప్పు, డాబా వాటర్‌ప్రూఫింగ్ రెండిటికే లెక్క అడిగాం. 43 వేలన్నారు. మా దగ్గరున్న 22లో ఏడు వేలు కదపకుండా ఉంచి పదిహేను తీశాం. గొలుసు బ్యాంకులో పెట్టి 28 వేలు తెచ్చాం, నూటికి నెలకి 75 పైసలు పడుతుంది. శ్రావణం నుంచి కుట్టుపని పెరుగుతుంది కాబట్టి అప్పటి నుంచి మూడేసి వేలు, ఈలోపు వెయ్యి. డ్వాక్రా కిస్తీ అయిపోయాక ఆ 1,900 కూడా దీనికే.

ఎలివేషన్ లేదని మా అత్తయ్య చాలా బాధపడ్డారు. వీధిలో అందరివీ రంగులు వేసుకుని ఉంటే మన ఇల్లే ఇలా ఉందని. కాదనలేదు, నాకూ ఉంది ఆ కోరిక.

పెచ్చులు కొడుతుంటే ఇంకో నాలుగు ఊచలు ఎర్రగా బయటపడ్డాయి. తాపీపని గారు చెప్పినట్టే స్టూలు వేసుకుని కూర్చుని మెరిసేదాకా గీకించాను. ఇంజనీరింగ్ చదివిన మా మరిది స్నేహితుడు వచ్చి చూసి ఊచలు పెద్దగా సన్నబడలేదన్నాడు. ఇప్పుడు నీళ్లు నిలబెట్టి చూడమంటారా?

తాపీపని:

చూడాలమ్మా, కానీ అంగుళం చాలు. రెండంగుళాలు నిలబెడితే చదరపు మీటరుకి యాభై కిలోల బరువు, పాత స్లాబ్‌కి ఎందుకు? తూముకి గుడ్డ కుక్కి ఒక రోజు ఉంచండి, మధ్యమధ్యలో కింద చూస్తుండండి. డబ్బు మొత్తం ఇచ్చేయలేదు కదా?

కుట్టుమిషన్:

5,000 ఆపి ఉంచాం. నిన్న పొద్దున నీళ్లు పెట్టాం. సాయంత్రానికి పొయ్యి పైన అంతా పొడిగానే ఉంది కానీ, ట్యాంకు ఉన్న మూలన రూపాయి బిళ్లంత తడి కనబడింది. ఫొటో తీసి మేస్త్రీకి పంపితే సోమవారం వచ్చి ట్యాంకు జరిపించి కింద మళ్లీ పూస్తానన్నారు. పాప పుస్తకాలు అప్పటిదాకా హాల్లోనే ఉంటాయి.