దేవదూతలకు రెక్కలు ఎప్పుడొచ్చాయి?

ప్రశ్న: ఆదికాండము 18లో అబ్రాహాము దగ్గరికి ముగ్గురు మనుషులొస్తారు. కాళ్లు కడుక్కోమంటాడు, భోజనం పెడతాడు. రెక్కల మాటే లేదు. మరి బొమ్మల్లో ఎందుకున్నాయి? చిన్నప్పటి నుంచి నన్ను వదలని ప్రశ్న.

జవాబు: మొదట్లో బొమ్మల్లోనూ లేవండి. రోమ్‌లోని ప్రిస్కిల్లా భూగర్భ సమాధుల్లో మరియ ఎదుట నిలబడ్డ దూత మామూలు మనిషే. పొడవాటి అంగీ, ముందుకు చాచిన చెయ్యి, అంతే. రెక్కలు 4వ శతాబ్దం చివర్లో కనిపిస్తాయి. గ్రీకుల విజయదేవత నైకీ శిల్పాల ప్రభావమని చాలామంది పండితుల మాట.

మరో జవాబు: బైబిల్లోనే యెషయా 6లో సెరాపులకు, అంటే దేవుని సింహాసనం దగ్గరుండే పరలోక జీవులకు, ఆరేసి రెక్కలున్నాయి కదా! రెండింటితో ముఖం, రెండింటితో కాళ్లు కప్పుకుని, మిగతా రెండింటితో ఎగురుతారు. చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఇటలీ చిత్రకారుడు రాఫెల్ 1512 ప్రాంతంలో వేసిన సిస్టీన్ మడోన్నా చిత్రం కింది అంచున బుజ్జి దూతలు ముద్దొస్తారు గానీ, ఆ వణుకు రాదు.

అడిగినవారు: ఆ చాచిన చెయ్యి ఇప్పుడే ఫొటోలో చూశానండి. రంగు వెలిసినా, చెప్పడానికి ఏదో మాట తెచ్చినట్టే ఉంది.