బెండ జాతుల డీఎన్ఏ: జిగురు వల్ల పీసీఆర్ పనిచేయట్లేదు

ప్రశ్న: ఎమ్మెస్సీ విద్యార్థులతో సాగు బెండకీ అడవి బెండ జాతులకీ ఉన్న బంధుత్వం చూస్తున్నాం. కణాల్ని కరిగించే డిటర్జెంట్ సీటాబ్‌తో తీసిన డీఎన్ఏ జిగురుగా ఉంటోంది, డీఎన్ఏ ముక్కకి ప్రతులు తీసే పీసీఆర్‌లో బ్యాండ్ (ప్రతులు తయారైనట్టు జెల్ మీద కనిపించే గీత) రావట్లేదు. ఏం మార్చాలి?

జవాబు 1: ఆ జిగురు పాలీశాకరైడ్ (చక్కెర గొలుసు) అండి, పీసీఆర్ ఎంజైమ్ అయిన పాలిమరేజ్‌ని అడ్డుకుంటుంది. ముందు ఉన్న డీఎన్ఏనే 20 రెట్లు పలచన చేసి చూడండి, చాలాసార్లు దాంతోనే పనైపోతుంది. దాంతో పని కాకపోతే ముదురాకులు మానేసి, విప్పీ విప్పని లేతాకుని కోసిన వెంటనే సిలికాజెల్‌లో ఆరబెట్టండి. పొడి 20 మిల్లీగ్రాములు చాలు. ఎక్కువ వేస్తే పెరిగేది జిగురే. క్లోరోఫామ్ తర్వాత పైద్రవానికి సగం పరిమాణంలో 5 మోలార్ ఉప్పు ద్రావణం కలిపి, అప్పుడు ఆల్కహాల్ పోయండి. జిగురు చాలావరకు ద్రవంలో ఉండిపోతుంది, డీఎన్ఏ దిగుతుంది.

జవాబు 2: బంధుత్వం తేల్చడానికి ఐటీఎస్ అనే డీఎన్ఏ భాగం ఒక్కదాన్నే నమ్మకండి. సాగు బెండ పాలీప్లాయిడ్ (రెండుకంటే ఎక్కువ క్రోమోజోమ్ సెట్లున్నది). ఐటీఎస్ వేర్వేరు ప్రతులు కలిసి, సీక్వెన్సింగ్ గ్రాఫ్ అయిన క్రొమాటోగ్రామ్‌లో జంట శిఖరాలు రావచ్చు. పిల్లలు వాటిలో ఒకటి ఎంచుకుని సరిదిద్దేస్తే వంశవృక్షమే తప్పుతుంది. ప్రతుల్ని విడివిడిగా చదవడానికి క్లోనింగ్ చేయించండి.

జవాబు 3: ఎపికాలిక్స్ (పువ్వు రక్షకపత్రాల కింద ఉండే అదనపు వలయం) రెబ్బలు మొగ్గ దశలోనే లెక్కపెట్టించండి. అడవి బెండ జాతి అబెల్మోస్కస్ ఫికుల్నియస్‌లో అవి త్వరగా రాలిపోతాయి. కాయ చూసి ‘లేవు’ అని రాసేస్తారు. డీఎన్ఏకి ఆకు కోసిన మొక్కనే హెర్బేరియం షీటు (ఆరబెట్టి కాగితానికి అంటించిన నమూనా) చేసి, రెండిటికీ ఒకే నంబరు వేయండి.