నేర సిద్ధాంతాలు లైంగిక హింస దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడుతున్నాయి?

ప్రశ్న (సమాజశాస్త్ర విద్యార్థిని):

నేను ఎం.ఏ. సమాజశాస్త్రం చదువుతున్నాను. నేరం, విచలనం (సమాజ నియమాలను దాటి నడవడం) మీద సిద్ధాంతాలన్నీ వరుసగా చదివిన తర్వాత ఒక సందేహం వదలకుండా వెంటాడుతోంది. అమెరికా సమాజశాస్త్రవేత్త మెర్టన్ 1938లో ప్రతిపాదించిన ఒత్తిడి సిద్ధాంతం దొంగతనానికి, మోసానికి చక్కగా సరిపోతుంది. సమాజం సంపాదనే గొప్పదని అందరికీ నూరిపోసి, అందుకు సక్రమమైన దారులను కొందరికే తెరిచి ఉంచినప్పుడు, మిగిలినవారిలో కొందరు అడ్డదారి తొక్కుతారని అది చెబుతుంది. అత్యాచారానికి అన్వయించబోతే మాత్రం ఎక్కడా పొసగడం లేదు. చదువు, ఉద్యోగం, హోదా అన్నీ ఉండి, బాధితురాలికి బాగా తెలిసినవాడే చేసిన నేరాన్ని ఏ అవకాశాల లేమితో వివరించగలం? లేబులింగ్ సిద్ధాంతం ఇంకా ఇబ్బంది పెడుతోంది. బెకర్ 1963లో అన్నట్టు విచలనం అనేది చేసిన పనిలో కాక ఇతరులు వేసే ముద్రలో ఉంటుందంటే, బాధితురాలికి జరిగిన హాని ఏమైపోతుంది? పరీక్ష కోసమే అడగడం లేదు, దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (నేరశాస్త్ర బోధకుడు):

మీ సందేహం సరైనదేనండి. ఆ సిద్ధాంతాల్లో చాలావరకు ఆస్తి నేరాలనూ, వీధుల్లో తిరిగే కుర్రకారునూ దృష్టిలో పెట్టుకొని అల్లినవి. స్త్రీలను నేరశాస్త్రం దాదాపుగా పట్టించుకోలేదని కరోల్ స్మార్ట్ 1976లోనే గట్టిగా విమర్శించారు. అయితే లేబులింగ్‌ను అప్పుడే పక్కన పెట్టకండి. ముద్ర ఎవరి మీద పడుతుందన్న ప్రశ్నతో పాటు, ఎవరి మీద పడకుండా తప్పిపోతుందని కూడా అడగండి. భర్త చేసిన అత్యాచారం ఇంగ్లండ్‌లో 1991లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు వచ్చేదాకా సూత్రరీత్యా నేరంగా లెక్కకు రాలేదు. హాని అంతకుముందూ ఉంది, దాన్ని నేరమని పిలిచే అధికారం మాత్రం భార్య చేతిలో లేదు. బెకర్ మాటను హాని లేదనడానికి కాకుండా, హానిని గుర్తించే అధికారం ఎవరిదని నిలదీయడానికి వాడుకోవచ్చు.

నా దృష్టిలో ఈ విషయంలో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడేది సైక్స్, మాట్జా 1957లో రాసిన తటస్థీకరణ పద్ధతుల సిద్ధాంతం. నేరం చేసేవాడికి సమాజ నియమాలు తెలియక కాదు. బాధ్యత నాది కాదనీ, హాని ఏమీ జరగలేదనీ, ఆమెకు అలా జరగాల్సిందేననీ ముందే సాకులు సిద్ధం చేసుకొని ఆ నియమాల పట్టు సడలించుకుంటాడని వారి వాదన. డయానా స్కల్లీ, జోసెఫ్ మరోలా ఇదే దారిలో అమెరికా జైళ్లలో అత్యాచార నేరానికి శిక్ష పడిన 114 మందితో మాట్లాడి, 1984లో ఫలితాలు ప్రచురించారు. నేరం ఒప్పుకున్నవారు తాము తాగి ఉన్నామనీ, మనసు బాగాలేదనీ, స్వతహాగా మంచివాళ్లమేననీ చెప్పుకున్నారు. ఒప్పుకోనివారు ఆమె రెచ్చగొట్టిందనీ, వద్దని అన్నా ఆమె మనసులో ఉన్నది అది కాదనీ సమర్థించుకున్నారు. మద్యం విషయమే చూడండి: అతను తాగి ఉంటే అది అతని తప్పును తగ్గించే కారణమైంది, ఆమె తాగి ఉంటే అదే ఆమెను తప్పుబట్టే కారణమైంది. ఈ సాకులను వాళ్లు జైల్లో కూర్చొని కల్పించుకోలేదు, బయట సమాజంలో చెల్లుబాటయ్యే మాటలనే అరువు తెచ్చుకున్నారు.

సమాధానం 2 (పరిశోధక విద్యార్థి):

పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేస్తాను. కోహెన్, ఫెల్సన్ 1979లో చెప్పిన దినచర్యా సిద్ధాంతాన్ని ఇక్కడ వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. నేరానికి సిద్ధపడినవాడు, అనువైన లక్ష్యం, కాపలా లేకపోవడం ఒకచోట కలిస్తే నేరం జరుగుతుందని అది చెబుతుంది కానీ, మొదటివాడు ఎలా తయారయ్యాడన్నది దాని పరిధిలో లేదు. అందువల్ల చివరికి అది స్త్రీలు ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలన్న సలహాల జాబితాగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. మెనాకెమ్ అమీర్ 1971లో పోలీసు రికార్డుల ఆధారంగా, కొన్ని కేసుల్లో బాధితురాలే నేరాన్ని ప్రేరేపించిందని వర్గీకరించడం ఇంతకన్నా దారుణం. నిందితుడు ఆమె ప్రవర్తనను ఎలా అర్థం చేసుకున్నాడన్నదాన్నే ఆమె ప్రవర్తనకు ప్రమాణంగా తీసుకున్న ఆ పద్ధతిని స్త్రీవాదులు తిప్పికొట్టడం పూర్తిగా న్యాయం.

సమాధానం 3 (మానవశాస్త్రం చదివినవారు):

పితృస్వామ్యం అన్న ఒక్క మాటతో అంతా తేల్చేయడం కూడా సరికాదని నా అభిప్రాయం. అత్యాచారం పురుషులందరూ కలిసి స్త్రీలందరినీ భయంలో ఉంచే సాధనమని సుసాన్ బ్రౌన్‌మిల్లర్ 1975లో వాదించారు. అది కామం కాదు, అధికారమని అంత బలంగా చెప్పడం వల్ల చర్చ దిశే మారింది, ఆ మేలును తక్కువ చేయలేం. కానీ అన్ని సమాజాల్లోనూ ఇది ఒకే స్థాయిలో లేదు. పెగ్గీ శాండే 1981లో 95 గిరిజన సమాజాల వివరాలను పోల్చి, పురుషుల మధ్య హింస మామూలై, స్త్రీల మాటకు విలువ లేని చోట అత్యాచారం ఎక్కువని చూపారు. అత్యాచారం లేదని గ్రంథస్థమైన చోట్ల నిజంగా లేదా, లేక పరిశోధకుల చెవిన పడలేదా అన్న విమర్శ ఉన్నమాట నిజమే. అయినా సమాజాన్ని బట్టి మారేదైతే అది పురుష స్వభావమని సరిపెట్టుకోవడం కుదరదు.

ప్రశ్న వేసినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి: సాకులు సమాజమే అందిస్తోందంటే, నేరస్తుడి బాధ్యత తగ్గినట్టు కాదా?

సమాధానం 1 (నేరశాస్త్ర బోధకుడు):

కాదండి. అవే సాకులు అదే సమాజంలో పెరిగిన మగవాళ్లందరికీ అందుబాటులో ఉన్నాయి, వాటిని వాడుకొని దాడికి దిగినది అతను. సిద్ధాంతం వివరించేది ఒక సమాజంలో ఆ హింస ఎందుకు అంత సులువుగా సాగుతోందన్నది. ఒక మనిషి చేసిన పనికి జవాబు చెప్పాల్సింది ఆ మనిషే. ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోండి. జైల్లో ఉన్నవారితో చేసిన ఏ అధ్యయనమైనా పట్టుబడినవారి గురించే చెప్పగలదు. మేరీ కాస్ బృందం 32 అమెరికా కళాశాలల్లో 6,159 మంది విద్యార్థులను అడిగి 1987లో ప్రచురించిన సర్వేలో, చట్టం ఇచ్చే నిర్వచనం ప్రకారం అత్యాచారానికి గురైన స్త్రీలలో పోలీసుల దాకా వెళ్లినవారు అతి కొద్దిమంది. చాలామంది తమకు జరిగినదాన్ని ఆ పేరుతో పిలుచుకోనే లేదు. మీరు అడిగిన ఆ తెలిసినవాడు, హోదా ఉన్నవాడు ఎక్కువగా ఉండేది ఈ లెక్కకు రాని చోటే.